రైలు పాట, హెల్మెట్టు పాట

గాజుకు ఇవతల

రికార్డింగ్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇప్పటికీ నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. మొదట అడిగేది మైకు గురించే. ఏది కొనాల, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాల, గది గోడలకు ఏం అతికించాల. అవన్నీ కొన్నాళ్లు పనిచేస్తే వాటంతట అవే వస్తాయి. వాటి గురించి నేను రాయడం లేదు. ఈ పనిలో కష్టం వేరే ఉంది. గాజు అద్దానికి అవతల పాడే మనిషి ఒకటి అనుకుంటాడు. నీ వెనక కుర్చీలో కూర్చున్న కంపెనీ మనిషి ఇంకొకటి అనుకుంటాడు. మీటలు నీ చేతిలో ఉంటాయి. ఇద్దరూ నిన్నే చూస్తారు. నా ఉద్యోగమంతా ఆ రెండు చూపుల మధ్యే గడిచింది.

నేను పుట్టి పెరిగింది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో. మా నాయన గనుల ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం. మా ఊరి పిల్లలకు చెవి బాగుంటుంది, ఎందుకంటే మూడు భాషల్లో తిట్లు గుర్తుపట్టాల. ఆ చెవి పట్టుకొనే బెంగళూరులో ఒక క్యాసెట్ల కంపెనీలో చేరినాను. క్యాసెట్లు పోయి సీడీలు, సీడీలు పోయి ఫోన్లు వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

మా యజమాని పేరు శేషాద్రి. ఆయన గురించి చెడ్డగా రాస్తానని కొందరు అనుకుంటున్నారు. రాయను. చెడ్డవాడు కాదు. ఆయనకొక అలవాటు ఉండేది. పాట తయారైనాక స్టూడియోలో కూర్చుని వినేవాడు కాదు. తలుపు వేసుకొని బయట వరండాలో నిలబడి, సందులోంచి వచ్చేదే వినేవాడు.

"జనం పాటను ఇట్లే వింటారు సరోజమ్మా. పక్క అంగట్లోంచి, దారిలో పొయ్యే ఆటోలోంచి. తలుపు అవతలికి రానిది పాట కాదు" అనేవాడు.

అది నిజమే. కానీ సగమే నిజం. ఆ రెండో సగం ఏమిటో ఆయన ఎప్పుడూ అడగలేదు.

సుగటూరు పెద్దాయన

ఒక పాత సంగతి ముందు చెప్పాల. లేకపోతే తర్వాతిది అర్థం కాదు.

సుగటూరు నుంచి చెన్నరాయప్ప అని ఒక తత్వాల గాయకుణ్ణి పిలుచుకొచ్చినాడు ఒక కాలేజీ లెక్చరర్. పెద్దాయన రాగి చేను మనిషి. చేతిలో ఏకతారి, భుజాన తువ్వాలు. గొంతు గరుకుగా, ఎండకు ఆరిన పలకలాగ ఉండేది. లెక్చరర్ నాకు ముందే గట్టిగా చెప్పినాడు, "మేడమ్, ఏమీ కలపకూడదు. ఒరిజినల్‌గా ఉండాల. పల్లె పల్లెలాగే వినిపించాల."

పెద్దాయన వచ్చేసరికి లోపల ఒక భక్తిపాట మిక్సింగ్ జరుగుతా ఉంది. దానికి ఎకో పెట్టి ఉన్నాం, పెద్ద గుడి మంటపంలో పాడినట్టు. పెద్దాయన నిలబడి విని, "అమ్మా, నాక్కూడా అట్లాంటిది పెడతావా?" అన్నాడు.

లెక్చరర్ కంగారుపడినాడు. "వద్దు తాతా. అది సినిమావాళ్ల పద్ధతి. మీది కాదు."

"నా గొంతు నాది కాదా నాయనా?" అన్నాడు పెద్దాయన మెల్లగా. "కొత్త పంచ కట్టుకుంటే నేను వేరేవాణ్ణయిపోతానా?"

నేను ఎకో పెట్టినాను. ఆ క్యాసెట్టు కోలారు చుట్టుపక్కల జాతరల్లో చాన్నాళ్లు మోగింది. లెక్చరర్ మళ్లీ నాతో మాట్లాడలేదు. ఆ రోజు నుంచి నాకొక సిద్ధాంతం ఏర్పడింది. ఏది అసలు, ఏది కాదు అనేది పాడేవాడి ఇష్టం, వినేవాళ్లు దానికి కాపలా కాయకూడదు. దాన్ని చాలా ఏండ్లు నమ్మకంగా మోసినాను. అయితే పెద్దాయన ఒక్కడే. పాడేవాళ్లు ముగ్గురై, ముగ్గురికీ మూడు ఇష్టాలుంటే ఏం చేయాలో ఆ సిద్ధాంతంలో లేదు.

మూడో షిఫ్టు

ఉద్యోగం ఇంక కొన్నేండ్లే మిగిలి ఉండగా వచ్చినారు ఆ ముగ్గురూ. వాళ్ల గ్రూపు పేరు మూడో షిఫ్టు. ర్యాప్ పాడే పిల్లలు.

అరుళ్‌ది కేజీఎఫ్‌లోనే ఛాంపియన్ రీఫ్స్ అనే పేట. గని కూలీలకు కట్టిచ్చిన లైన్ ఇండ్లలో ఒక ఇల్లు. తాత భూమి లోపల పనిచేసినవాడు, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరి పోయినాడు. గని మూసేసినాక నాయన రోజూ పొద్దున్నే రైల్లో బెంగళూరు పోయి, ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా ఉండి, మళ్లీ రైల్లో వచ్చేవాడు. ఇంట్లో తమిళం. మాతో తెలుగు.

వెంకటేశుది కామసముద్రం. రైతుబిడ్డ. రాగులు, నాలుగు ఆవులు, పట్టుపురుగుల షెడ్డు. కాలేజీకి కేజీఎఫ్ వస్తా అరుళ్‌కు దోస్తు అయినాడు. రాసేది ఎక్కువ అతనే.

సునీత బంగారుపేట టీచరమ్మ కూతురు. బీటు కట్టేది ఆమె. మాటలు తక్కువ. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని గోడకు ఆనుకొని కూర్చునేది.

వాళ్లు తెచ్చిన పాట రైలు గురించి. సునీత బోగీలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు ఫోన్లో పట్టి, దాన్నే తాళంగా చేసింది. దాని మీద వెంకటేశు మొదలుపెట్టినాడు:

"పొద్దు పుట్టకముందే ప్లాట్‌ఫారం నిండాది
మా ఊరు ఊరంతా కూలికి పొయ్యే బండి ఇది
సీటు లేదు, చోటు లేదు, డోరు కాడ నిలబడి
నాయన నిద్రపోతాడు కమ్మీ చేత పట్టుకొని"

తర్వాత అరుళ్ తమిళంలో, మళ్లీ ఇద్దరూ కన్నడంలో. ఒక భాష నుంచి ఇంకో భాషకు ఎప్పుడు మారినారో తెలియదు, మా వీధిలో మాట్లాడినట్టే ఉండింది. బెంగళూరులో అన్నేండ్లు పాటలు పట్టినాను గాని, మా ఊరి మాట మైకు ముందుకు రావడం అదే మొదలు.

శేషాద్రి సారు వరండాలోంచి లోపలికి వచ్చినాడు. "పిల్లల్లో దమ్ముంది" అన్నాడు. తర్వాత, "మూడు భాషలు కలిపితే ఏ భాషవాళ్లూ వినరు" అన్నాడు.

"మా ఊళ్లో ఒక వాక్యంలోనే మూడూ ఉంటాయి సార్" అన్నాడు వెంకటేశు.

"మీ ఊళ్లో పాట అమ్మేది లేదు కదప్పా."

ఆ రోజుల్లో సినిమా పుణ్యమా అని మా ఊరి పేరు దేశమంతా మోగుతా ఉండింది. కేజీఎఫ్ అంటే చాలు, బంగారం, చీకటి, నెత్తురు. ఊరు చూడనివాళ్లు కూడా ఊరి గురించి మాట్లాడుతున్నారు. సారుకు కావలసింది అది. పాటంతా కన్నడంలో ఉండాల. గని గురించి ఉండాల. తలకు దీపం ఉన్న హెల్మెట్టు, ముఖానికి మసి, వెనక గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బలు. మాటలు కూడా ఒక బెంగళూరు కవి చేత రాయించి పెట్టినాడు. భూమి గుండె చీల్చినోడి మనవణ్ణిరా నేను, బంగారం నా నెత్తుట్లో కరిగిందిరా అని దాని అర్థం. ఆ కవి మా ఊరికి దారిలో వచ్చే బంగారుపేట దాటి ఇవతలికి వచ్చింది లేదని తర్వాత తెలిసింది.

ఎవరి తాత, ఎవరి నాయన

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ స్టూడియోలోనే కూర్చుని వాదులాడుకున్నారు. నేను లేచి పోబోతే సునీత, "మీరు ఉండండమ్మా" అనింది. ఉన్నాను.

వెంకటేశు గొంతు ముందు లేచింది. "హెల్మెట్టు పెట్టుకొనేది నా వల్ల కాదు. గని మూసినప్పుడు మనం పుట్టనే లేదు. లోపలికి దిగినామా, చూసినామా? ఇది ఫేక్. మనం చూసింది రైలు. మన పాట అదే."

అరుళ్ అతనివైపు తిరిగినాడు. "ఏండా, ఆ రైలు పాటలో నిలబడి నిద్రపొయ్యేది ఎవరు?" అన్నాడు.

"మీ నాయన. నీకు తెలుసు కదా."

"మా నాయన గురించి నువ్వు రాసినావు. అది ఒరిజినల్. మా తాత గురించి నేను పాడితే ఫేకా?"

అరుళ్ ఆపలేదు. "మా నాయన ఆ పాట విన్నాడు. ఏం చేసినాడో తెలుసా? ఫోను పక్కన పెట్టి, అన్నం సగంలో లేచిపోయినాడు. 'నేను నిలబడి నిద్రపోతానని ఊరంతా చెప్పాల్నా?' అన్నాడు మా అమ్మతో. మా ఇంట్లో తాత ఫోటోకు దండ ఉండాది. నాయన దాని ముందర నిలబడి పనికి పోతాడు. ఆయనకు కావల్సిన పాట అది. నీకు కావల్సింది కాదు."

"అయితే ఆ మాటలు నువ్వే రాయి! ఎవడో రాసిచ్చింది ఎందుకు పాడాల?"

"రాస్తే వాళ్లు తీసుకుంటారా? ఈ ఒక్క పాట పోనీ రా. నాలుగు ఊర్లకు మన పేరు తెలిస్తే, తర్వాత మనదే పాడతాం."

"ఒక్కసారి ఆ మసి పూసుకుంటే ఇంగ కడుక్కోనియ్యరు."

సునీత అప్పుడు తల ఎత్తింది. "పాట బయటికి పోకుండా నా ల్యాప్‌టాప్‌లోనే ఉంటే అది ఎంత ఒరిజినల్ అయినా ఎవురికి?" అనింది. ఇద్దరూ ఆమె మీద కోపం చేసుకున్నారు. ఆ రోజు ఆ ఇద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

నేను ఆ గదిలో గమనించిన సంగతి ఒకటి రాస్తాను. వెంకటేశుకు ఊళ్లో మల్బరీ తోట ఉంది, షెడ్డు ఉంది, పాట ఆడకపోతే పోయి నిలబడేదానికి చోటు ఉంది. అరుళ్‌కు లైన్ ఇల్లు, దానికీ పట్టా లేదు. ఈ మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు. వాదనంతా దాని మీదే నడిచింది. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెబుతున్నాను, అసలు నకిలీ అని కళాకారులు పోట్లాడుకుంటుంటే మాటలు వినండి, వాటితోపాటు ఎవరికి వెనక్కి తగ్గే చోటుందో అది కూడా చూడండి.

చివరికి నావైపు తిరిగినారు. "మీరు చెప్పండమ్మా, మీరు మా ఊరివాళ్లు" అన్నాడు వెంకటేశు.

రెండూ చేయండప్పా అన్నాను. హెల్మెట్టు పాట కంపెనీకి, అరుళ్ పాడతాడు. రైలు పాట మీ ముగ్గురి పేరు మీద మీరే నెట్‌లో పెట్టుకోండి, నేను మిక్స్ చేసిస్తాను. సారును ఒప్పించేదానికి పెద్ద కష్టం కాలేదు. "రైలు పాట నాకెందుకు, తీసుకోనీ" అన్నాడు. ముగ్గురూ కాఫీ తాగినారు. నేను మంచి పని చేసినానని ఇంటికి పోయి హాయిగా అన్నం తిన్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే, ఒకే పాట మీద ఇంకో వారం పోట్లాడుకొని ఉంటే, తెగేదో ముడిపడేదో అక్కడే తేలిపోయేది. రెండు పాటలు చేతికిచ్చి రెండు జెండాలు ఇచ్చినట్టయింది.

ఆవు మాట

హెల్మెట్టు పాట ఆడింది. సారు లెక్క తప్పలేదు. ఆటోల్లో, గణేశుడి పందిళ్లలో, పెళ్లి ఊరేగింపుల్లో అదే. రైలు పాటను కొద్దిమంది విన్నారు, కానీ విన్నవాళ్లు వదల్లేదు. వాళ్లు హెల్మెట్టు పాట కింద పోయి రాసేవాళ్లు, ఇది ఫేక్, అసలు గ్రూపు ఆ రైలు పాటలో ఉంది అని. హెల్మెట్టు పాట మెచ్చినవాళ్లు రైలు పాట కింద వచ్చి రాసేవాళ్లు, అసూయ, చేతకానితనం అని. ముక్కూ ముఖం తెలియనివాళ్లు ఇద్దరు స్నేహితుల తరఫున యుద్ధం చేస్తా ఉంటే, స్నేహితులు అది రోజూ చదువుతా కూర్చున్నారు. చదివేకొద్దీ ఎవరి సైన్యం వాళ్లకు సొంతమైంది.

మూడో షిఫ్టు అనే పేరు ఇద్దరూ వదిలేసినారు. అరుళ్ కంపెనీ ఇచ్చిన ఇద్దరు కుర్రవాళ్లతో కొత్త గ్రూపు కట్టినాడు. వెంకటేశు కాలేజీ స్నేహితులతో ఇంకొకటి. సునీత మాత్రం ఇద్దరికీ బీటు ఇచ్చేది. "నేను యాడికీ పోలేదు, వాళ్లే చెరొక పక్కకు జరిగినారు" అనేది.

తిట్టుపాట ముందు రాసింది వెంకటేశు. అందులో ఇట్లా ఉండింది:

"బాడుగ హెల్మెట్టు, బాడుగ మసి
నీళ్లు తగిలితే చాలు పోతాది కసి"

ఆ పాట బాగుంది. బాగుండడమే తప్పయింది. అరుళ్ వాళ్ల నాయన పనిచేసే గేటు దగ్గర కూడా పిల్లలు దాన్ని పాడినారంట.

దానికి జవాబు పాట మా స్టూడియోలోనే తయారైంది. మిక్సింగ్ నాది. అరుళ్ పాడుతున్నాడు, నేను వింటున్నాను. మధ్యలో ఒక పాదం వచ్చింది. ఆవునమ్మి మైకు కొన్న అమ్మకొడుకు నువ్వు అని. నేను మీట నొక్కి ఆపేసినాను.

ఆ మైకు సంగతి నాకు తెలుసు. గ్రూపు మొదలుపెట్టిన రోజుల్లో వెంకటేశు వాళ్లమ్మ పాలిచ్చే ఆవు ఒకటి అమ్మి కొడుక్కు మైకు కొనిచ్చింది. ముగ్గురూ దానిమీదే పాడి నేర్చుకున్నారు. అరుళ్ కూడా.

లోపలికి పోయి, "ఈ ఒక్క ముక్క తీసేయప్పా. ఆ తల్లి చేతి సంగటి తిన్నావు కదా నువ్వు" అన్నాను.

అరుళ్ తల వంచుకున్నాడు. "కోపంలో రాసినానమ్మా. తీసేయండి" అన్నాడు.

తలుపు తెరుచుకుంది. సారు వరండాలోంచి విన్నాడు. "అదొక్కటే ఉండాల సరోజమ్మా. మిగతాదంతా తీసేసినా పరవాలేదు. జనం పట్టుకునేది అదే."

అరుళ్ నన్ను చూసినాడు, సారును చూసినాడు. అతనికి కంపెనీతో ఇంకా మూడు పాటల ఒప్పందం ఉంది. "ఉండనీలేమ్మా" అన్నాడు. ఉండిపోయింది.

జనం అదే పట్టుకున్నారు.

కోలారులో ఒక కాలేజీ పండగ. మధ్యాహ్నం ఎండలో మైదానంలో స్టేజీ. రెండు గ్రూపులనూ పిలిచినారు, గొడవ ఉంటేనే కదా జనం వచ్చేది. సౌండు మా కంపెనీది కాబట్టి నేనూ పోయినాను. ముందు వెంకటేశు. పక్కన సునీత ల్యాప్‌టాప్‌తో. అతను రైలు పాట ఎత్తుకున్నాడు. ప్లాట్‌ఫారం నిండాది అనే మాట దగ్గర వెనక వరసలోంచి ఎవరో, "అంబా" అని అరిచినాడు. నవ్వులు. ఇంకొకడు. తర్వాత ఒక వరస వరసంతా. కాసేపటికి మైదానం మొత్తం ఆవులాగ అరుస్తా ఉంది. వాళ్లలో చెడ్డపిల్లలు ఎంతమంది ఉంటారు? అందరూ నవ్వుతా, ఆటగానే అరిచినారు.

వెంకటేశు ఇంకా రెండు పాదాలు పాడినాడు. పాడుతూనే ముందు వరసల్లో ఎవరినో వెతుక్కుంటున్నట్టు చూసినాడు. వాళ్లమ్మ వచ్చి ఉందని తర్వాత తెలిసింది. మైకును తీసుకుపోయి స్టాండులో జాగ్రత్తగా పెట్టినాడు. మెట్లు దిగి వెళ్లిపోయినాడు.

అరుళ్ స్టేజీ పక్కనే, నా దగ్గర, హెల్మెట్టు చంకలో పెట్టుకొని నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది. "అమ్మా, నేను పోయి ఆపమని చెప్తా. మా అమ్మలాంటిది ఆమె. చెప్తా" అన్నాడు.

"పో అప్పా, ఇప్పుడే పో" అన్నాను.

మెట్లెక్కినాడు. అతను కనిపించగానే, తన పాట పాడేదానికే వచ్చినాడనుకొని యాంకరు అతని పేరు అరిచినాడు. మైదానమంతా లేచి నిలబడింది. ఈలలు. అరుళ్ మైకు చేతిలోకి తీసుకున్నాడు. నోరు తెరిచినాడు. ఆ హోరులో ఒక్క క్షణం అట్లే నిలబడినాడు. తర్వాత హెల్మెట్టు తలకు పెట్టుకున్నాడు.

సునీత ల్యాప్‌టాప్ మూసేసి, సంచిలో పెట్టుకొని, వైర్లు కూడా తీసుకోకుండా దిగిపోయింది. అరుళ్‌కు బీటు నా పెట్టెలోంచి వేయాల్సి వచ్చింది. వేసినాను. ఉద్యోగం అది.

ఏమయినారు

వెంకటేశు మళ్లీ పాడలేదు. కామసముద్రంలో పట్టుపురుగులు పెంచుతున్నాడు. బాగానే చేస్తున్నాడని చెబుతారు. సునీత బ్యాంకు పరీక్ష రాసి పాసయింది. ముళబాగిలు దగ్గర పని.

అరుళ్ సంగతి వెంకటేశు ఆ రోజు చెప్పినట్టే అయింది. కంపెనీకి ఒప్పందంలో మిగిలిన పాటలు ఇవ్వాల్సి వచ్చినప్పుడు అతను సొంతంగా రాసుకొచ్చినాడు. లైన్ ఇండ్ల గురించి, రాని ఇంటి పట్టాల గురించి, వాళ్ల చెల్లెలి చదువు గురించి. మంచి మాటలు. సారు వరండాలో నిలబడి విని, లోపలికి వచ్చి అడిగిన ప్రశ్న ఒక్కటే, "హెల్మెట్టు యాడ?"

తర్వాత మా ఊరి పేరు మోగడం తగ్గింది. దాంతోపాటు కంపెనీ ఫోన్లూ తగ్గినాయి.

నన్ను అడిగితే రెండింట్లో రైలు పాటే మంచి పాట. ఇందులో నాకు అనుమానం లేదు. సారు దాన్ని ఆటోల్లోకి పంపగలిగినవాడు, పంపలేదు. జనానికి తెలిసిన కథే జనం వింటారని ఆయన నమ్మకం. తెలియని కథ వినిపించి చూసే ఓపిక ఆయనకు లేకపోయింది. ఇది ఆయన మీద నా ఫిర్యాదు. వెంకటేశు మీద కూడా ఒకటి ఉంది. ఫేక్ అనే మాటను స్నేహితుడి మీద వేసేటప్పుడు, అతని ఇంట్లో అన్నం సగంలో లేచిపోయిన మనిషిని తలుచుకోవాల్సింది. అరుళ్ మీద ఏమీ లేదు. ఉండాల్సిందేమో. ఆ ముఖం పాలిపోవడం చూసినదాన్ని, నా వల్ల కాదు.

బంగారుపేట పెళ్లి

ఉద్యోగం ముగిసినాక నేను కేజీఎఫ్‌కే వచ్చేసినాను. పోయిన ఏడాది బంగారుపేటలో మా చిన్నాన్న మనవరాలి పెళ్లికి పోతే, సాయంత్రం రిసెప్షన్‌లో ఆర్కెస్ట్రా పెట్టి ఉన్నారు. అందులో అరుళ్ ఉన్నాడు. కొంచెం లావైనాడు. సినిమా పాటలు పాడుతున్నాడు. పెళ్లికొడుకు స్నేహితులు హెల్మెట్టు పాట అడిగినారు. సంచిలోంచి హెల్మెట్టు తీసినాడు. అందరూ స్టేజీ ముందరికి చేరి ఎగరడం మొదలుపెట్టినారు.

పాట సగంలో ఒక ముసలాయన కుర్చీలోంచి లేచినాడు. తెల్లచొక్కా, చేతికర్ర. ఎగిరే పిల్లలను తప్పించుకుంటా స్టేజీ ఎక్కి అరుళ్ ముందర నిలబడినాడు. పిల్లలు ఇంకా ఎగురుతానే ఉన్నారు. ముసలాయన చేయి చాచి హెల్మెట్టును తాకినాడు. తర్వాత ఏడ్చినాడు. గట్టిగా, చిన్నపిల్లవాడిలాగ. అరుళ్ పాడడం ఆపేసినాడు. బీటు మాత్రం పోతా ఉంది.

"మా తమ్ముడు దిగినాడు నాయనా, పైకి రాలేదు" అన్నాడు ముసలాయన. మైకు దగ్గర ఉండడంతో హాలంతా వినిపించింది. "ఎవురూ చెప్పేది లేదు మా గురించి. నువ్వు చెప్పినావు. బాగా రాసినావు నాయనా."

భోజనాల దగ్గర అరుళ్ నన్ను గుర్తుపట్టి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆకులో ఏదీ ముట్టుకోలేదు.

"చూసినారా అమ్మా? బాగా రాసినావంటాడు. నేను రాయలేదని చెప్పేదానికి నోరు రాలేదు."

"చెప్పి ఏం లాభం?"

"వెంకటేశు ఉండాల్సిందమ్మా ఇక్కడ." ఆకు పక్కకు జరిపి, "వాడు చెప్పిందే కరెక్టు. ఆ పాట ఫేకే. ఆ ఏడుపు మాత్రం ఫేక్ కాదు. ఇదేందో వాణ్ణి అడగాలనిపించింది."

"అడుగు. నంబరు ఉంది కదా?"

"ఉండాది. ఏమని మొదలుపెట్టేది? వాళ్లమ్మ ఫోనెత్తితే?"

అతన్ని మళ్లీ స్టేజీ మీదికి పిలిచినారు, పోయినాడు.

నాలుగు రోజులు ఆలోచించి నేనే వెంకటేశుకు ఫోన్ చేసినాను. మాటల్లో గౌరవం ఏం తగ్గలేదు, బాగుండారా అమ్మా అని అడిగినాడు. వెనక షెడ్డులో పురుగులు ఆకు తినే చప్పుడు, సన్నగా వాన పడుతున్నట్టు వినిపిస్తా ఉంది. పెళ్లిలో జరిగింది ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. ముసలాయన, హెల్మెట్టు, తమ్ముడు, అరుళ్ అన్న మాట. అంతా విన్నాడు.

"ఆయనకు అది నిజం పాటే అయింది కదమ్మా" అన్నాడు చివరికి. "ఇంగ నేను ఫేక్ అని ఎట్లా అనేది?"

"నీ పాట మంచి పాటప్పా. నాకు తెలుసు."

"బాగుండాది అని అందరూ చెప్పినారమ్మా. రాత బాగుండాది, మన భాష బాగుండాది అన్నారు. నా పాట విని ఇట్లా ఒక మనిషి లేచి రాలేదు. అరుళ్ వాళ్ల నాయన ఒక్కడే లేచినాడు. ఆయన అన్నం ముందర్నుంచి లేచినాడు."

ఇంకేదో అడగబోయినాను. పురుగులకు ఆకు వేసే పొద్దయింది, మళ్లీ మాట్లాడతానమ్మా అని పెట్టేసినాడు.

ఈ మాటలు అరుళ్‌కు నేను చెప్పలేదు. చెప్పమని వెంకటేశు అడగలేదు.